చైనా బాబాయ్

"ఏదీ, చెయ్యి ఇటివ్వు" అన్న మాట వినబడగానే ప్రత్తిపాడు సెంటర్లో టీ తాగేవాళ్లంతా గ్లాసులు బల్లమీద పెట్టేసి చేతులు జేబుల్లోకి తోస్తారు. పంచెలకి జేబులుండవు గనక పెద్దవాళ్లు చంకల్లో దాచుకుంటారు. వచ్చేది చైనా బాబాయ్.

ముప్ఫయ్యేళ్లు పత్తి కాటా దగ్గర అరిచిన గొంతు ఆయనది. పిల్లలు హైదరాబాదు చేరాక అరవడానికి ఎవరూ దొరక్క మోకాళ్ల మీద పడ్డాడు. మొదట రాగిచెంబు నీళ్లు, తర్వాత గోధుమగడ్డి రసం, ఆపైన కొర్రలు, అండుకొర్రలు. మోకాళ్లు అవే, వైద్యాలే మారాయి. నిరుడు గుంటూరు ఎగ్జిబిషన్లో ఆక్యుప్రెషర్ ముళ్ల చెప్పులు కొన్నాడు. ఆ ముళ్లు గుచ్చుకున్న చోటునించే చైనా ఆయన ఒంట్లోకి ఎక్కింది.

ఇప్పుడు తెల్లారి ఐదింటికల్లా హైస్కూలు గ్రౌండులో ఉంటాడు. చేసేది తాయ్ చీ. 1956లో చైనా క్రీడాశాఖ పాత పద్ధతుల్ని కుదించి తయారుచేసిన 24 భంగిమల వరస అది. బాబాయ్‌కి పదకొండు వచ్చు. తెల్లకొంగ రెక్కలు విప్పడం, గుర్రం జూలు దువ్వడం, కోతిని తోలుతూ వెనక్కి నడవడం. నల్లరేగడి చేలో ట్రాక్టరు వెనక తిరిగే కొంగల్ని చూస్తూ పెరిగినవాడు గనక మొదటిది బాగానే కుదిరింది. కోతి దగ్గరే చిక్కు. పత్తి తీతకు ఆటోలో పోతున్న ఆడవాళ్లు ఒకరోజు బండి ఆపించి మరీ అడిగారు.

"ఏంది బాబాయ్, ఎవర్ని తోలుతున్నావ్? కోతులేయీ?"

"బయట కాదమ్మా, కోతి లోపలుంది."

"అయితే దానికి నాలుగు శనక్కాయలు పెట్టరాదూ, అదే పడుంటది!"

ఇంట్లో సంగతి వేరు. "చీ అంటే ప్రాణశక్తి. ఒళ్లంతా చీ పారాలి" అని ఆయన మొదలెట్టిన పూటే పిన్ని "ఛీ" అంది. ఆనాటినించి ఆ ఇంట్లో దానికి లోటు లేదు.

ఆయనకో సిద్ధాంతం కూడా ఉంది. "మన తేజ మిర్చి చైనాకి పోతోందా లేదా? మన మంట వాళ్లకిచ్చాం, వాళ్ల చల్లదనం మనం తెచ్చుకుంటున్నాం. చెల్లుకు చెల్లు." ఎవరైనా నసిగితే హ్యుయాన్‌త్సాంగ్‌ని దింపుతాడు. "ఏడో శతాబ్దంలోనే మన ధాన్యకటకం వచ్చాడయ్యా! ఊరికే వచ్చాడంటావా? ఇదంతా ఇక్కడ నేర్చుకుపోయిందే!" ఆ యాత్రికుడు అమరావతి దగ్గర ఆగి బౌద్ధశాస్త్రాలు చదివిన మాట నిజమే. తాయ్ చీ మాత్రం హెనాన్ రాష్ట్రంలో చెన్ వంశంవారి ఊళ్లో 17వ శతాబ్దంలో రూపు కట్టింది. నడుమ వెయ్యేళ్లు. కాటా దగ్గర తరుగు తీసినట్టు బాబాయ్ ఆ వెయ్యేళ్లూ తీసేస్తాడు.

ఎగతాళి చేస్తాంగానీ, మనిషి బాగుపడ్డాడు. బరువుని ఒక కాలి మీంచి రెండో కాలి మీదికి ఆచితూచి మార్చడంలోనే ఉంది కిటుకంతా. పెద్దవయసువాళ్లు తూలిపడకుండా ఈ సాధన కాపాడుతుందని వైద్యులు పరీక్షించి చెప్పినదే. నిరుడు కడ్డీ పట్టుకుని ఇద్దరు తోస్తే గుంటూరు బస్సెక్కినవాడు ఇప్పుడు ఒంటిచేత్తో సంచీ పట్టుకుని ఎక్కుతున్నాడు. కానీ ఘనతంతా ముళ్ల చెప్పులకే కట్టబెడతాడు. రోజూ అరగంట కదిలితే నొప్పి తగ్గిందంటే అందులో గొప్పేముంది, పైసా ఖర్చయినా కాలేదాయె! పొద్దున మజ్జిగతో వేసుకునే బీపీ బిళ్ల సంగతి అసలు ఎవరికీ చెప్పడు. అది పిన్ని చెప్పింది.

ఇంత నెమ్మది నేర్చిన మనిషికి ఎదుటివాడి చెయ్యి దొరికితే మాత్రం ఓపిక ఉండదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పట్టుకుని నొక్కుతాడు. ఆ చోటు పేరు హేగూ. తలనొప్పికి, పంటినొప్పికి అదేనట. గర్భిణులకు అక్కడ నొక్కరాదని ఆ చైనా వైద్యమే చెబుతుంది. కోడలు హైదరాబాదులో ఉండటం ఆ పిల్ల అదృష్టం. నాకు మొన్న నొక్కితే తలనొప్పి పోయిందో లేదో గమనించలేదు, చెయ్యి మీదే ఉంది ధ్యాసంతా.

నిన్న సాయంత్రం యథాప్రకారం చేతులన్నీ మాయమైన వేళ, పురుగుమందుల కంపెనీ తరఫున ఊరికి కొత్తగా వచ్చిన కుర్రాడు లేచి నిలబడి, "నమస్తే సార్" అంటూ షేక్‌హ్యాండుకి చెయ్యి చాపాడు.

మేమంతా చేతులు బయటికి తీసి టీ గ్లాసులు అందుకున్నాం.