కొంటె బోల్టు పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
నూనె పోసి రాత్రి నోపికతో నుండి
బిగియఁ దిప్పి పిదప విడువఁ దిప్పి
కదలకున్న మంట గట్టిగాఁ జూపించి
కోసియైనఁ దీయుఁ గొంటె బోల్టు

ప్రతిపదార్థం: నూనె = తుప్పులోకి దిగే నూనెను; పోసి = నట్టుకూ మరలకూ మధ్య సందులో పోసి; రాత్రిన్ = ఒక రాత్రంతా; ఓపికతోన్ = పానా ముట్టకుండా; ఉండి = ఊరుకొని; బిగియన్ = మరింత బిగిసే దిక్కుకు; తిప్పి = వెంట్రుకవాసి కదిలించి; పిదప = ఆ తర్వాత; విడువన్ = వదులయ్యే దిక్కుకు; తిప్పి = పావు చుట్టు చొప్పున తిప్పి; కదలకున్నన్ = అప్పటికీ మొండికేస్తే; మంట = గ్యాస్ మంటను; గట్టిగాన్ = నట్టు మసక ఎరుపెక్కేదాకా; చూపించి = తగిలించి; కోసియైనన్ = చివరికి కోసైనా సరే; కొంటె బోల్టు = తుప్పు పట్టి జామైన బోల్టును; తీయున్ = తీస్తాడు. ఎవరు తీస్తారన్నది పద్యంలో లేదు. 'మేస్త్రి' అని అధ్యాహారం చేసుకోవాలి. ఆ సమయానికి ఆయన బండి కిందనే ఉంటాడు గనుక కనిపించకపోవడం సహజం.

తాత్పర్యం: సాయంత్రం నూనె పోసి పొద్దున పానా పట్టాలి. ముందు కాస్త బిగించి, తర్వాత ఇప్పాలి. రాకపోతే నట్టును కాల్చాలి. దానికీ రాకపోతే కొయ్యాలి. నాలుగు పాదాల్లో సామ దాన భేద దండోపాయాలు చూసేవారూ ఉన్నారు. దానం ఎక్కడుందని అడిగితే, నూనె డబ్బా డబ్బులు బండి ఓనరు ఇచ్చుకోవడమే దానమని వారి సమాధానం.

కాలనిర్ణయం: ఈ పద్యం వినిపించే గూడూరు, నర్సంపేట నుంచి మానుకోట (మహబూబాబాద్) పోయే తోవలో ఉంది, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలోది. ఆ జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది, అంతకుముందు గూడూరు వరంగల్ జిల్లాలో ఉండేది. అందుకే ఈ ప్రాంతపు పాత పికప్పుల నంబరు పలకల మీద 'ఏపీ 36' ఉంటుంది, కొత్తవాటి మీద 'టీఎస్ 26', 2024 నుంచి 'టీజీ 26'. ఏపీ 36 బండి అంటే 2014 జూన్‌కు ముందు రిజిస్టరైనది. దాని కమాన్ పట్టీల దగ్గరి యు-బోల్టు, ఎవరూ మార్చి ఉండకపోతే, తెలంగాణ రాష్ట్రం కంటే వయసులో పెద్దది. కవుల కాలం తేల్చడానికి పండితులకు ఇంత గట్టి ఆధారం చాలా అరుదుగా దొరుకుతుంది.

తుప్పు ఎందుకు పడుతుందన్నది పద్యం చెప్పదు, వ్యాఖ్యాత చెప్పాలి. చికాగో, డెట్రాయిట్ వైపు చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడి బండ్లు అడుగు నుంచి తినుకుపోతాయి. గూడూరుకు మంచూ లేదు, సముద్రమూ లేదు. కానీ పొటాష్ బస్తా ఉంది. పొలానికి వేసే పొటాష్ రసాయనికంగా పొటాషియం క్లోరైడ్, అంటే తినే ఉప్పుకు దగ్గరి చుట్టం. బస్తా కుట్టు విడిచి బాడీ పలకల సందుల్లో రాలిన పిడికెడు, వానాకాలం తేమకు కరిగి ఛాసిస్ మీదికి దిగుతుంది. దానికి మేకల మూత్రం, పెంట ఎరువు, నాట్లప్పటి బురద తోడు. బురద ఎండినట్టు పైకి కనిపించినా మూలల్లో తడి పట్టుకొనే ఉంటుంది. ఇనుము తుప్పుగా మారితే, మొదట ఉన్న ఇనుముకు రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు కావాలి. మరల మధ్య ఉన్న సందు అంతటిది కాదు. బోల్టు ఇలా తన పొట్టతో తానే ఇరుక్కుంటుంది.

పాఠాంతరాలు: 'నూనె పోసి' అన్నచోట 'డీజిలు పోసి' అన్న పాఠం షెడ్లలో ఉంది. పనికి బాగానే వస్తుంది గానీ 'డీజిలు' గురువు, లఘువు, లఘువు అయి సూర్యగణం కాదు గనుక గణభంగం. 'కోకు పోసి' అని మరో పాఠం. కూల్‌డ్రింకులో ఉండే ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పును కొంత కరిగించే మాట నిజం, గణమూ సరిపోయింది, కానీ 'కో'కూ 'నో'కూ యతి కుదరదు. పైగా బోల్టంతా జిగటవుతుంది. అంగట్లో దొరికే డబ్ల్యూడీ-40 అసలు 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో నీటిని తరిమేందుకు చేసింది, పేరులోని 40 నలభయ్యో ప్రయత్నానికి గుర్తు. దొరికితే పనికొస్తుంది. తుప్పు విడిపించడానికే చేసిన నూనెలు ఇంకా మేలు. ఏది పోసినా ముందు వైరు బ్రష్షుతో బురద గీకాలి, లేకుంటే బోల్టుకు చేరవలసిన నూనెను మట్టి తాగుతుంది.

రెండో పాదమే ఈ పద్యానికి ప్రాణం. మొదటిసారి చదివేవారికి అది అచ్చుతప్పులా తోస్తుంది. ఇప్పవలసినదాన్ని బిగించడమేమిటని. తుప్పు పొర గాజులా పెళుసు, ఒక్కసారి పగిలితే పట్టు పోతుంది. ఏళ్ల తరబడి ఒకే దిక్కున ఒత్తుకుని ఉన్న మరల ముఖాల్ని కాస్త జరిపితే ఆ పొర చిట్లి, నూనెకు దారి పడుతుంది. అందుకే బిగించేది వెంట్రుకవాసి మాత్రమే. తర్వాత పావు చుట్టు ఇప్పి, మళ్లీ కొంచెం వెనక్కి తిప్పి, నూనె చుక్క వేసి, మళ్లీ ముందుకు. పది మిల్లీమీటర్ల సాధారణ బోల్టు ఒక పూర్తి చుట్టుకు కదిలేది ఒకటిన్నర మిల్లీమీటరే. తొందరపడి ఒకే ఊపున లాగితే రాలిన తుప్పు పొడి మరల్లో ముద్దకట్టి రెండోసారి జామవుతుంది.

ఇక్కడ చేతికి తెలిసే సంగతొకటి ఉంది. పానా మీద బరువు వేసినప్పుడు 'కిర్రు'మని చప్పుడొస్తే శుభం, తుప్పు విడుస్తోంది. చప్పుడు లేకుండా, పాకం సాగినట్టు మెత్తగా తిరిగితే చెయ్యి అక్కడే ఆపాలి. తిరుగుతున్నది నట్టు కాదు, బోల్టు మెడ మెలిపడుతోంది. ఇంకో పావు చుట్టుకు తల చేతిలోకొస్తుంది. పానాకు పైపు తొడిగేవారికి ఈ తేడా తెలియదు, పొడవు పెరిగేకొద్దీ చేతికి తెలిసేది తగ్గిపోతుంది. మూలలు అరిగిన నట్టుకు పన్నెండు మూలల రింగు పానా పనికిరాదు, ఆరు మూలల గోటీ (సాకెట్) వాడాలి. బండి కింద వెల్లకిలా పడుకున్నవారికి కుడి ఎడమల భ్రమ కలగడం మామూలే. 'విడువఁ దిప్పి' అనుకుంటూ అరగంట సేపు బిగించినవారు ప్రతి షెడ్డులోనూ ఒకరుంటారు.

మంట నట్టుకే తగలాలి. మసక ఎరుపంటే సుమారు 600 డిగ్రీలు. ఆ వేడికి పది మిల్లీమీటర్ల రంధ్రం 0.07 మిల్లీమీటరు దాకా వ్యాకోచిస్తుంది, తుప్పు పగలడానికి అది చాలు. డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు, రబ్బరు బుష్షుల పక్కన ఈ పాదాన్ని విడిచి నేరుగా నాలుగో పాదానికి పోవాలి. మొదట పోసిన నూనె కూడా అంటుకుంటుంది గనుక తుడిచాకే మంట. కాలిన బోల్టు గట్టిదనం పోయినది, మళ్లీ వాడకూడదు.

కోయడం గురించి చెప్పేది తక్కువ. గ్రైండరో, హ్యాక్సా బ్లేడో, ఉలీ సుత్తో. తల తెగి మొండెం లోపలే ఉంటే దానిమీద నట్టు వెల్డింగు పెట్టి తిప్పుతారు. అదీ కాకపోతే నడిమధ్య పంచ్ కొట్టి డ్రిల్లు వేసి, 8.5 మిల్లీమీటర్ల రంధ్రం చేసి కొత్త మరలు కోస్తారు.

వ్యాకరణ విశేషాలు: 'తిప్పి' రెండుసార్లు 'దిప్పి' అయింది, 'చూపించి' 'జూపించి', 'తీయు' 'దీయు', 'కొంటె' 'గొంటె' అయ్యాయి. ఐదు చోట్లా ద్రుతం తగిలి పరుషాలు సరళాలయ్యాయి. పరుషం అంటే గట్టిది, సరళం అంటే మెత్తనిది, ద్రుతం అంటే కరిగి పారేది. మొదటి పాదంలో పోసిన నూనె చివరి పాదం దాకా దిగిందని దీన్నిబట్టి గ్రహించాలి. 'బోల్టును' అనకుండా 'బోల్టు' అనడం జడవాచకాలకు ద్వితీయకు మారుగా ప్రథమ రావడం వల్ల. అయితే 'కొంటె' అన్న విశేషణం పడ్డాక అది జడమేనా అన్న శంక మిగులుతుంది. మూడు గంటలు కింద పడుకున్న మేస్త్రిని అడిగితే కాదనే అంటాడు.

ఫలశ్రుతి: పద్యం బోల్టు తీయడంతో ఆగింది, బిగింపు చెప్పలేదు. కొత్త బోల్టు మరలకు గ్రీజు రాసి పెడితే తర్వాతి మేస్త్రికి ఒకటో పాదం సగమే చాలు. చక్రాల నట్లకు మాత్రం గ్రీజు పూయరు. మరలు జారుడైతే అదే బలానికి బోల్టు మీద లాగుడు ఎక్కువ పడుతుంది. యు-బోల్టులు పాతవి కాక కొత్తవే వేయాలి. లోడుతో కొన్నాళ్లు తిరిగాక కమాన్ పట్టీలు సర్దుకుంటాయి, అప్పుడు నాలుగు నట్లనూ ఇంకోసారి బిగించాలి.