కృష్ణ లేని కౌబాయ్‌లు

గుర్రమెక్కి దొంగల్ని తరిమే అమెరికా వాళ్ల సంగతి మా అనంతసాగరం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1971లోనే ‘మోసగాళ్లకు మోసగాడు’ తీసి కృష్ణ మాకు అంతా చూపించేశాడు. అందులో ఇసకంతా రాజస్థాన్‌దని తర్వాత తెలిసినా మా నమ్మకం సడల్లేదు. అందుకే డల్లాస్‌లో ఉండే మావాడు "నాయనా, వేకోలో టెక్సాస్ రేంజర్ల మ్యూజియం ఉంది, పోదామా" అంటే, పాఠం ముందే బట్టీపట్టిన పిల్లాడిలా కారెక్కేశాను.

బ్రేజోస్ నది పక్కన 1968లో తెరిచిన మ్యూజియం ఇది. కథ మాత్రం 1823లో మొదలవుతుంది. స్టీఫెన్ ఆస్టిన్ అనే పెద్దమనిషి, తను తెచ్చి దించిన వలస కుటుంబాలకు కాపలాగా పదిమందిని పెట్టుకుందామనుకున్నాడు. అప్పటికి టెక్సాస్ మెక్సికోది. ఆ నేల మీద పుట్టిన దళమే పోనుపోను మెక్సికో మీదికే యుద్ధానికి పోయింది. అయినా ఈనాటికీ రేంజరు చొక్కా మీది చుక్క బిళ్లను మెక్సికో వెండి నాణెంలోంచే కోస్తారు.

"అంత పోట్లాడి, బిళ్లకు మళ్లా వాళ్ల డబ్బులే కావాల్సొచ్చినాయా?" అంది మా ఆవిడ.

లోపల ఎటు చూసినా తుపాకులే. శామ్యూల్ వాకర్ అనే రేంజరు సలహాలతో 1847లో కోల్ట్ చేసిన రివాల్వర్ దగ్గర ఆగిపోయాను. బరువు రెండు కిలోలు! కృష్ణ వేలికి తగిలించి గిరగిరా తిప్పిన దాని బరువెంతో? అడుగుదామంటే గోడల మీద ఆయన ఫొటో ఒక్కటీ లేదు. మా ఆవిడకు వేరే దిగులు పట్టుకుంది. "ఇది నడుముకు కట్టుకుంటే ప్యాంటు నిలుస్తుందంటావా?"

రేడియో కథల్లోని ‘లోన్ రేంజర్’ అయితే ముసుగేసుకున్న పోలీసు. మా పక్క ముసుగేసుకుంటే ముందు అతన్నే చెట్టుకు కట్టేస్తారు.

ఈ దళం చరిత్రలో నవ్వుకు చోటు లేని పుట కూడా ఉంది. 1918 జనవరిలో పోర్వెనీర్ అనే సరిహద్దు పల్లెలో, మెక్సికన్ మూలాలున్న పదిహేను మంది మగవాళ్లను, కుర్రాళ్లను రేంజర్లు, వాళ్లతో వచ్చినవాళ్లు కాల్చి చంపారు.

మాదీ ఒకప్పుడు సరిహద్దు సీమే. గజపతుల చేతిలోని ఉదయగిరి కోట కోసం కృష్ణదేవరాయలంతటివాడు ఏడాదిన్నర ముట్టడి వేసి కూర్చోవాల్సొచ్చింది. ఊళ్లో దొంగల సంగతి మాత్రం రాజులు చూళ్లేదు, తలారి చూశాడు. గుర్రం లేదు, రివాల్వర్ లేదు, చేతికర్రే. పైగా పాత కావలి పద్ధతిలో ఓ షరతుండేది: పోయిన సొమ్ము దొరక్కపోతే కాపలా కాసేవాడే కట్టుకోవాలి. ఆస్టిన్ దొర ఈ మాట ముందే చెప్పుంటే పదిమంది కాదు, ఒక్కడూ దొరికేవాడు కాదు. తర్వాత కుంపిణీ వాళ్లు పోలీసుల్ని తెచ్చారు గానీ, ఆ షరతును మాత్రం వాళ్లకు అంటగట్టలేదు. తెలివైనవాళ్లు!

తిరుగుదారిలో నా ఆలోచన బయటపెట్టాను. మన చెరువుకట్ట మీద తలారికి ఓ మ్యూజియం కట్టాలి. ఓ చేతికర్ర, ఓ లాంతరు, దండోరా వేసే తప్పెట. ఖర్చు కూడా తక్కువే.

మావాడు తలూపాడు. మా ఆవిడ ఊపలేదు.

"అంతా బానే ఉందయ్యా. రాత్రికి ఆ కర్రను ఎవుడన్నా ఎత్తకపోతే డబ్బులెవురు కట్టాల?"