బెంగ పడాలన్నా సిగ్నల్ కావాలంట

మా రోజుల్లో భద్రాచలం వైపు హాస్టల్ పిల్లలకి బెంగ పుడితే యాప్ ఉండేది కాదు. పారిపోవడం ఉండేది.

బడి తెరిచిన కొత్తలో పొద్దున్నే హాజరు పిలుస్తుంటే ఒకరిద్దరి పేర్లకి పలుకు వచ్చేది కాదు. చర్ల వైపు పిల్లలైతే చెప్పనే అక్కర్లేదు. తాలిపేరు వాగు దాటి, అడవి దారి పట్టి, చీకటి పడేలోగా తల్లి దగ్గర ఉండేవాళ్లు. మర్నాడు మా పంతుళ్లలో ఒకడు సైకిలు తీయాలి. గూడేనికి పోయి, వాళ్లు పోసిన అంబలి తాగి, తల్లిని ఒప్పించి, పిల్లగాణ్ని వెనక కేరియర్ మీద కూర్చోబెట్టుకుని రావాలి. దారంతా వాడు చెప్పేవాడు, మేం తొక్కుతూ వినేవాళ్లం. హాస్టల్లో ఎవడు కొడుతున్నాడో, లెక్కల సారంటే ఎందుకు హడలో, రాత్రి నిద్ర ఎందుకు పట్టదో అన్నీ ఆ కేరియర్ మీద నుంచే బయటికొచ్చేవి. దానికిప్పుడు కౌన్సెలింగ్ అని పేరు పెట్టి గంటకింత అని రేటు కట్టారు.

అట్లాగని మా కాలమంతా బంగారమని చెప్పను. పరీక్షల ముందు గుండె దడ అనో, కడుపులో నొప్పి అనో పిల్ల వస్తే బడిలో బెత్తం, ఇంట్లో వడ్డె, అంటే గూడెం పూజారి. బడివాళ్లు ఎగవేత అనేవాళ్లు, గూడెంవాళ్లు గాలి సోకిందనేవాళ్లు. కోడి తెగేది. రోగం కుదిరిందా అంటే అది వేరే మాట. కానీ ఆ వడ్డె రాత్రంతా పిల్ల పక్కన కూర్చునేవాడయ్యా. ఇంటిల్లిపాదీ మేలుకుని ఉండేవాళ్లు. అంత సేపు ఎవరైనా ఇప్పుడు ఒక పిల్ల పక్కన కూర్చుంటున్నారా?

ఇప్పుడు కూర్చునేది ఫోను. మా మనవడు చూపించాడు ఒక యాప్. తెరవగానే అయిదు మొహాలు: నవ్వేది, మూతి ముడిచేది, ఏడ్చేది. ఇవాళ నీ మనసు ఎట్లా ఉందో నొక్కమంటుంది. నొక్కితే ఊపిరి పీల్చమంటుంది. పీల్చక ఏం చేస్తాం! పైగా అది ఇంగ్లీషులో పీల్చమంటుంది. సరే, పట్నం పిల్లలకి పనికొస్తుందేమో. మా వైపు ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో పిల్లల చేతికి ఫోనే ఇవ్వరు గదా! సెలవులకి ఇంటికి పోతే ఇంటికంతా ఒక్కటే ఫోను, అది తండ్రి జేబులో ఉంటుంది. తండ్రి తునికాకు కల్లంలో ఉంటాడు. కరోనా ఏడాది, 2020 సెప్టెంబరు 1న యాదగిరి చానెల్‌లో, టీ-శాట్‌లో పాఠాలు మొదలుపెట్టినప్పుడు పిల్లలు సిగ్నల్ కోసం గుట్టలెక్కారు. లెక్కల కోసం ఎక్కారు, సరే. ఏడుపొచ్చినప్పుడు కూడా గుట్టెక్కాలా?

2022 అక్టోబరు 10న కేంద్రం మనసు బాగోలేనివాళ్ల కోసం టెలీ మానస్ అని ఒక ఫోను లైను పెట్టింది. నంబరు 14416. బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ దానికి పెద్ద దిక్కు. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఇది నాకు నచ్చింది. ఎందుకంటే మొహాలు నొక్కే పని లేదు, బటన్ల ఫోనైనా చాలు. కానీ దుమ్ముగూడెం అవతల పిల్ల ఏడిస్తే కోయలో ఏడుస్తుంది. తెలుగు దానికి బడి భాష, బెత్తం భాష. గుండెల్లో ఉన్నది ఆ భాషలో చెప్పమంటే ‘ఏం లేదు సార్’ అంటుంది, అంతే. కోయకి చుట్టమైన గోండీలో 2010 నుంచే ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర అని నడిచింది. ఫోను చేసి మన గోడు మన మాటలో రికార్డు చేయడం, వేరేవాళ్లు ఫోను చేసి వినడం. అడవి ఇవతలికి ఆ బుద్ధి ఎందుకు రాదో!

ఇంకోటి కూడా చెప్పాలి, ఇష్టం లేకపోయినా. గోదావరి అవతల పశ్చిమ గోదావరి ఏజెన్సీలో ఓ పదేళ్ల కిందట జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్లు ట్యాబ్లెట్ కంప్యూటర్లు పంచారు. పిల్లలకి కాదు, ఆశా వర్కర్లకి. ఆ అమ్మాయి ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుని నిద్ర పడుతోందా, దేనికైనా భయమా అని పెద్దవాళ్లని అడుగుతుంది. ట్యాబ్లెట్ లెక్క కడుతుంది. బాగాలేదని తేలితే పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపుతుంది. తర్వాత మందు మానకుండా ఫోనులో రికార్డు చేసిన గొంతు గుర్తుచేస్తుంది. అంతకుముందే సిగ్గు పోవడానికి ఊళ్లో నాటకం ఆడించారు. ఆ పద్ధతినే తర్వాత ఆర్టెమిస్ పేరుతో విజయవాడ, ఢిల్లీ బస్తీల్లో 10 నుంచి 19 ఏళ్ల పిల్లల దగ్గరికి తీసుకెళ్లారు. యంత్రం మనిషి చేతిలో ఉండి, ఆ మనిషి పిల్ల ఎదురుగా కూర్చుంటే నాకేం అభ్యంతరం? అది సైకిలు కేరియరే, కాకపోతే బ్యాటరీది.

మరి బస్తీకి పోయింది భద్రాచలం ఎందుకు రాలేదు? ఇక్కడ 2014లో ఏడు మండలాలు ఆంధ్రకి పోయాక పిల్ల ఒక రాష్ట్రంలో, చదివే బడి ఇంకో రాష్ట్రంలో, ఫోనుకి అందే టవరు మూడో రాష్ట్రంలో. ఇక ఆ పిల్లకి ఎవరు జవాబుదారీ? పోనీ అట్లాంటి పిల్లలు కొద్దిమందేనా అంటే, నిమ్‌హాన్స్ 2015-16 సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉందని తేల్చింది. నాలుగొందల మంది ఉన్న హాస్టల్‌కి లెక్కేసుకుంటే ముప్పై మందికి ఒకరు తక్కువ. మా రోజుల్లో వాళ్లలో కొందరైనా పారిపోయేవాళ్లు, కనీసం తెలిసేది. ఇప్పుడు ప్రహరీ కట్టారు, గేటుకి తాళం వేశారు, సీసీ కెమెరా పెట్టారు. పిల్లలు ఎక్కడికీ పోవడం లేదు, హాజరు నూటికి నూరు. ఆఫీసర్లు సంతోషం.

2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు తప్పులతడకగా వచ్చిన తర్వాత తెలంగాణలో ఇరవై మందికి పైగా పిల్లలు దక్కకుండా పోయారు. ఇప్పుడు ఫలితాల రోజుల్లో హెల్ప్‌లైన్ నంబరు పేపర్లో వేస్తున్నారు. గూడేనికి పేపర్ రాదు.

నంబరు హాస్టల్ గోడ మీద రాయించామని మొన్న ఒకాయన గొప్పగా చెప్పాడు. ఎక్కడయ్యా అంటే వార్డెన్ గది ఎదురుగానట. మాట్లాడే ఫోను కూడా అక్కడే, వార్డెన్ బల్ల మీద. ఆయన చెవులు రిక్కించి కూర్చుంటే ఏ పిల్ల ఎత్తుతుంది? నంబరు పిల్లలు పడుకునే గదిలో రాయించండి. ఫోను వరండా చివరికి మార్చండి, దానికి ఒక స్టూలు వేయండి. పిల్ల మాట్లాడుతున్నంత సేపూ వార్డెన్ గారు అటు పోయి టీ తాగి రావాలి.