పదకొండు రోజుల లాభం

తెలుగు నేల మీద అమ్మకానికొచ్చే కుక్కపిల్లలన్నిటికీ ఒకటే వయసు: 45 రోజులు. హైదరాబాద్‌లో అడిగినా అంతే, విజయవాడలో అడిగినా అంతే. పోయిన వారం 45 రోజులున్న పిల్లకు ఈ వారమూ 45 రోజులే. ఫోటోలో నిలబడలేక బోర్లా పడి ఉన్నదానికీ అదే లెక్క. సినిమా హీరోల తర్వాత మన దగ్గర వయసు పెరగని ప్రాణి ఏదైనా ఉంటే ఇదే.

చట్టం లెక్క మాత్రం వేరు. కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఎనిమిది వారాలంటే 56 రోజులు. అందులోంచి 45 తీసేస్తే మిగిలేది 11. మనిషికి పురుడైనా పదకొండు రోజులే, కర్మైనా పదకొండు రోజులే. కుక్కపిల్ల దగ్గరికొచ్చేసరికి ఆ పదకొండు రోజులూ నేరుగా గల్లాపెట్టెలోకి పోతున్నాయి.

ఎలాగంటారా? నాలుగో వారం దాటాక పిల్లలకు తల్లిపాలు చాలవు. పళ్లొచ్చి కొరుకుతుంటే తల్లే లేచి పక్కకు పోతుంది. ఇక తిండి ఖర్చు యజమానిది. ఒకే ఈతలో ఏడెనిమిది పిల్లలుంటే రోజుకు నాలుగుసార్లు పెట్టడం, అంతకు రెట్టింపు సార్లు కడగడం, నులిపురుగుల మందు, టీకా. ఇంకో పదకొండు రోజులు ఉంచితే ఇవన్నీ ఆయన నెత్తినే. పైగా పార్వో అనే వైరస్ జబ్బు తగులుకుందంటే ఈత మొత్తం ఊడ్చుకుపోతుంది. 45వ రోజున చేతులు మార్చేస్తే ఆ రక్తపు విరేచనాలేవో కొన్నవాడి హాల్లో మొదలవుతాయి. ఫోన్ చేస్తే ఒకటే మాట: "మా దగ్గరున్నన్నాళ్లూ బానే ఉంది సార్." పాపం, చాలాసార్లు అది అబద్ధం కూడా కాదు. పార్వో ఒంట్లో చేరాక బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ కొన్ని రోజుల్లోనే ఆయన సరుకు ఖాళీ చేసుకుంటాడు.

"వ్యాక్సినేషన్ కంప్లీట్ సార్" అంటూ ఒక బుక్కు కూడా చేతిలో పెడతారు. తెరిస్తే లోపల ఒకే ఒక్క స్టిక్కర్. తల్లి ఇచ్చిన రోగనిరోధక శక్తి పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను సరిగా పట్టనివ్వదు. అది ఎప్పుడు తగ్గుతుందో పిల్లపిల్లకూ తేడా. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, పదహారు వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించమంటారు పశువైద్యులు. ఒక్క స్టిక్కర్‌తో కంప్లీట్ అయ్యేది బేరం మాత్రమే.

కొనేవాళ్లేమైనా తక్కువ తిన్నారా? తండ్రిది ఇంపోర్ట్ లైనేనా, కెన్నెల్ క్లబ్ (కేసీఐ) పేపర్లున్నాయా, హెవీ బోనా, పంచ్ ఫేసా అంటూ పెళ్లి సంబంధం వెతికినట్టు అటేడు తరాలు, ఇటేడు తరాలు ఆరా తీస్తారు. తల్లిని చూపించమని మాత్రం నోరు తెరిచి అడగరు. ఎవరో ఒకరు అడిగినా "ఫామ్‌హౌస్‌లో ఉంది సార్" అంటే తలూపేస్తారు. ఫామ్‌హౌస్ ఉన్నవాళ్ల బిడ్డ రోడ్డు పక్కన అట్టపెట్టెలో ఎందుకుందో ఎవరికీ అనుమానం రాదు. ఇంగ్లండ్‌లో ఆ అనుమానం వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి అక్కడ ఆరు నెలల లోపు పిల్లను దళారులు అమ్మడానికి వీల్లేదు. పెంచినవాడే, పుట్టినచోటే, తల్లి పక్కన ఉండగా చూపించి అమ్మాలి. ఈతల మీద ఈతలకు వాడేసి, వెన్ను వంగిపోయాక బయటపడ్డ ఒక ఆడకుక్క పేరు మీద దాన్ని లూసీ చట్టం అంటారు. మనకు లూసీలకు కొదవ లేదు, చట్టానికీ కొదవ లేదు. కొదవల్లా తల్లేదని అడిగేవాళ్లకే.

ఇక "చిన్నప్పుడే తీసుకెళ్తే బాగా మాలిమి అవుతుంది సార్" అనే మహాశాస్త్రం ఒకటుంది. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని గమనించి 1965లో పుస్తకం వేశారు. పిల్ల లోకాన్ని నేర్చుకునే కాలం మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా అని తేల్చారు. అందులో మొదటి సగం మనం నేర్పగలిగింది కాదు. ఒక ఈత పిల్లలు ఆడుకుంటుంటే కాసేపు కూర్చుని చూడండి. ఒకటి ఇంకోదాని చెవి పట్టుకుని కసుక్కున కొరుకుతుంది. కొరికించుకున్నది కుయ్యోమని ఆట మానేసి పోతుంది. మళ్లీ కొరికితే మళ్లీ పోతుంది. ఆడేవాళ్లు లేక దిక్కులు చూసిన ఆ మొనగాడు తర్వాతిసారి పట్టు సడలిస్తాడు, ఆట సాగుతుంది. అదే వేషం తల్లి దగ్గర వేస్తే అది గుర్రుమని మూతితో నేలకు అదిమి వదిలేస్తుంది. పంటికి ఎంత బిగువుండాలో అలా పైసా ఖర్చు లేకుండా తెలిసిపోతుంది. మనం దాన్ని మధ్యలో ఎత్తుకొచ్చేసి, ఆరో నెలలో చేతులు పీకుతోందని ట్రైనర్‌కు వేలు పోసి, చివరికి "ఈ బ్రీడే అంత" అని జాతి మీదకు తోసేస్తాం.

2011లో ఇటలీ పరిశోధకులు 30-40 రోజుల మధ్య తల్లికి దూరమైన కుక్కల్నీ, రెండు నెలలకు వేరైన కుక్కల్నీ పోల్చి చూశారు. అతిగా మొరగడం, బెదురు, వస్తువులు చీల్చిపారేయడం ముందుగా వేరైనవాటిలోనే ఎక్కువ. మన అమ్మకందారు ఆ కాగితం చదివుంటే మురిసిపోయేవాడు: "చూశారా, మాది 40 దాటిందిగా!"

అలాగని నాలుగైదు నెలలు బోనులో దాచి ఉంచమని కాదు. మనుషులూ చప్పుళ్లూ తెలియకుండా పెరిగినదీ పిరికిదే అవుతుంది. మరీ చిట్టి జాతులకు రక్తంలో చక్కెర పడిపోతుందన్న భయంతో పన్నెండు వారాల దాకా ఆగే పెంపకందారులున్నారు. మిగతావి ఎనిమిది, తొమ్మిది వారాలకు వచ్చినా మన చెప్పులు కొరకడానికి బోలెడు టైముంటుంది.

చెప్పిన వయసు మీద నమ్మకం లేకపోతే నోరు తెరిచి చూడండి. కుక్కకు పాలపళ్లు 28. ఎనిమిది వారాలకు దాదాపు అన్నీ వచ్చేస్తాయి. ముందు పళ్లే ఇంకా చిగుళ్లలోంచి తొంగిచూస్తుంటే అది నెల పిల్లో, కాస్త పైనో. పిల్ల నోరు తెరిస్తే అమ్మేవాడి నోరు మూతపడుతుంది.

అన్నిటికన్నా వింత ధర. 56వ రోజు వచ్చేసరికి కాళ్లు సాగి, మూతి పొడవై, ఫోటోలో ముద్దు తగ్గుతుంది. "కాస్త పెద్దదైపోయింది సార్, తగ్గించి ఇస్తా" అని ఆయనే ఫోన్ చేస్తాడు. చట్టం దృష్టిలో అమ్మకానికి అర్హత వచ్చిన రోజునే బజారు దృష్టిలో పిల్లకు వయసు మీరిపోతుంది. కూరగాయల బండి దగ్గర కొసరు కరివేపాకు పడందే కదలని మనం, ఇక్కడ మాత్రం జబ్బుపడే వయసుకు ఎక్కువ డబ్బు కట్టి, ట్రావెల్స్ బస్సు డిక్కీలో వేయించుకుని మరీ తెప్పించుకుంటున్నాం.