మన కంప్యూటర్‌లో బాగానే ఉంది కదా!
వెబ్‌సైట్లు కట్టే తమ్ముళ్లకు ఏడు సూత్రాలు

జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గర ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు కొట్టే తమ్ముడు కూడా ఇప్పుడు వెబ్‌సైటు కట్టిస్తానంటున్నాడు. కట్టాల్సిందే. సిరిసిల్ల సేటుకు చీరలు చూపించుకోవడానికి సైటు కావాలి, కోరుట్ల ఏజెంటుకు గల్ఫ్ ఉద్యోగాలు పెట్టుకోవడానికి సైటు కావాలి. అయితే ఈ పనిలోకి కొత్తగా దిగిన పిల్లలు కొందరు ప్రమాణాలనీ, పాత బ్రౌజర్లనీ, చిన్న ఫోన్లనీ లేనిపోని ఆలోచనలు పెట్టుకొని చెడిపోతున్నారు. వాళ్ల మేలు కోరి రాస్తున్న సూత్రాలివి. అన్నిటికీ మూలం ఒక్కటే: డబ్బులిచ్చేది సేటు, ఆయన సైటు చూసేది మన దుకాణంలో, మన కంప్యూటర్ మీద. అక్కడ బాగుంటే లోకమంతా బాగున్నట్టే.

1. ఒక్క బ్రౌజర్‌నే నమ్ముకో

పేజీ అలంకారమంతా విడిగా ఒకచోట రాసుకోవాలన్న సీఎస్‌ఎస్ ఆలోచనను హోకన్ వియుమ్ లీ 1994లో ముందుకు తెచ్చాడు. 1996 డిసెంబరులో అది ప్రమాణమైంది. అయినంత మాత్రాన అందరూ విన్నారా? 300 పిక్సెళ్ల డబ్బా గీసి లోపల రెండు పక్కలా 20 చొప్పున ఖాళీ వదలమంటే, ప్రమాణం లెక్కలో అది 340 చోటు తీసుకుంటుంది. విండోస్‌లోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 మాత్రం ఖాళీని కూడా 300లోనే కుక్కేది. లెక్క తప్పినా అందరి ఇళ్లలో ఉన్నది అదే కాబట్టి, అందరూ దాని లెక్కకే సైట్లు కట్టారు. 2001లో వచ్చిన ఆరో వెర్షన్‌ను ఇక వదిలిపెట్టండంటూ మైక్రోసాఫ్టే 2011 మార్చిలో ప్రచారానికి దిగింది. 2022 జూన్ 15న ఆ బ్రౌజర్‌కే సెలవిచ్చేసింది. దాన్ని నమ్ముకొని కట్టిన సైట్లన్నీ వీధిన పడ్డాయి. కాబట్టి నువ్వు ఆ పొరపాటు చేయకుండా, ఇవాళ ఒక్క క్రోమ్‌ను నమ్ముకో. దానికెప్పుడూ ఆ గతి పట్టదు.

2. తెలుగంతా అను ఫాంటులోనే కొట్టు

తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచీ చోటుంది. ఉంటే ఉండనీ. పేజ్‌మేకర్‌లో యూనికోడ్ కాని అను ఫాంటుతో కొట్టిన అక్షరాలను ఎత్తి నేరుగా పేజీలో పోసెయ్. మన కంప్యూటర్‌లో ఆ ఫాంటు ఉంది కాబట్టి ముత్యాల్లా కనబడతాయి. సేటు ఇంటికి పోయి తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన తోకలు, చుక్కలు కనబడతాయి. ‘సిరిసిల్ల చీరలు’ అని గూగుల్‌లో ఎవరు వెతికినా ఆ సైటు దొరకదు, ఎందుకంటే ఆ మాట ఆ పేజీలో అసలు లేనే లేదు.

దీనికి పెద్దల దారి ఉంది. ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు పెట్టుకున్నాయి: ఈనాడుకొకటి, వార్తకొకటి. పేజీ వెంట ఫాంటును పంపే ఏర్పాటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో 1997 నుంచే ఉండేది. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకు ఆ పత్రికల అక్షరాలు యూనికోడ్ తెలుగుగా మారాలంటే నాగార్జున వెన్న చేసిన పద్మ అనే చేర్పు పెట్టుకోవాల్సి వచ్చేది. అంత కష్టపడి చదివిన వార్తకు విలువ ఎక్కువ. మన పాఠకులను కూడా అట్లాగే కష్టపడనీ.

3. ఒత్తులకు చోటు దండగ

ఇంగ్లీషు డిజైను ఒకటి దించుకో. అందులో లైన్-హైట్ ఎంతుందో అంతే ఉంచు, హెడింగు పెట్టె ఎత్తు కదపకు, బయటికి పొడుచుకొచ్చేదంతా దాచెయ్యమని ఓవర్‌ఫ్లో దగ్గర రాసెయ్. ఇంగ్లీషు అక్షరాలకు కింద ఏముంటుంది? మహా అయితే ఒక చిన్న తోక. మన అక్షరాలకు కింద ఇంకో అంతస్తు ఉంటుంది. అది తెగిపోతే జగిత్యాల జగితాల అవుతుంది, కోరుట్ల కోరుట అవుతుంది, సిరిసిల్ల సిరిసిల అవుతుంది. మూడూళ్లకూ ఒకే న్యాయం. ‘‘గీ అక్షరాలు సగం సగం కనవడ్తున్నయేందిరా తమ్మీ?’’ అని సేటు అడిగితే, ‘‘మాడ్రన్ స్టైల్ సేటూ’’ అను.

4. మొదటి అక్షరాన్ని పెద్దది చెయ్

పత్రికల్లో పేరా మొదటి అక్షరం పెద్దగా ఉంటుంది చూడు, అది సీఎస్‌ఎస్‌లో ఒక్క లైను పని. సిరిసిల్లలో సగం బోర్డులు శ్రీ అనే మొదలవుతాయి కాబట్టి ఇక్కడ బాగా పనికొస్తుంది. కొన్ని బ్రౌజర్లకు శ్రీ అంటే ఒక్క అక్షరమని తెలియదు. పొల్లుతో ఉన్న ‘శ్’ ఒక్కదాన్ని గుమ్మడికాయంత చేసి, ‘రీ’ని పక్కన బఠాణీలా వదిలేస్తాయి. దేవుడి పేరు కాబట్టి ఎవరూ గట్టిగా తిట్టరు. పనిలో పనిగా లెటర్-స్పేసింగ్ కూడా పెంచు. ఒత్తు ఒకవైపు, అక్షరం ఒకవైపు జరిగితే పేజీ నిండుగా కనబడుతుంది.

5. ఫోను బాధ ఫోనుదే

ఈ సూత్రం కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఏజెంట్లకు సైట్లు కట్టేవాళ్లకు. ఉద్యోగాల పట్టిక వెడల్పు 1000 పిక్సెళ్లని ఖాయం చెయ్. తెర అసలు వెడల్పునే వాడమని ఫోనుకు చెప్పే వ్యూపోర్ట్ లైను రాయకపోతే ఫోను ఆ పేజీని 980 పిక్సెళ్ల తెర అనుకొని చీమలంత అక్షరాలు చేస్తుంది. రాస్తే, 360 వెడల్పు తెరలో పట్టిక ఎడమ మూడో వంతు మాత్రమే కనబడుతుంది. రెండోదే మేలు. పక్కకు జరపడం కూడా ఆపేసెయ్, పేజీ కదలకుండా నీటుగా ఉంటుంది.

అప్పుడు దుబాయి పోదామనుకునే పిల్లవానికి మొదటి రెండు గడులు కనబడతాయి: పని, జీతం. భోజనం ఎవరిది, డ్యూటీ ఎన్ని గంటలు, ఏజెంటుకు విదేశాంగ శాఖ ఇచ్చిన లైసెన్సు నంబరెంత అన్న గడులు కుడిపక్క తెర అవతల ఉండిపోతాయి. మొత్తం పట్టిక మన 22 అంగుళాల మానిటర్ మీద స్పష్టంగా ఉంది కదా, మనం దాచిందేముంది? చదువుకోవాలనుకుంటే వాడే జగిత్యాల వచ్చి మన దుకాణంలో కూర్చొని చదువుకుంటాడు.

6. కొత్తది వచ్చిన రోజే వాడెయ్

సీఎస్‌ఎస్‌లో ఒక మంచి గుణం ఉంది. తనకు తెలియని లైను ఎదురైతే బ్రౌజరు గోల చేయదు, దాన్ని వదిలేసి కిందికి పోతుంది. అందుకే తెలివితక్కువవాళ్లు ముందు పాత పద్ధతి రాసి, దాని కింద కొత్తది రాస్తారు. పాత ఫోను మొదటిది తీసుకుంటుంది, కొత్త ఫోను రెండోది. నువ్వు ఒక్క కొత్తదే రాయి. ఉదాహరణకు, బొమ్మలను అడ్డం నిలువు గళ్లలో పేర్చే గ్రిడ్ పద్ధతి క్రోమ్‌లోకీ, ఫైర్‌ఫాక్స్‌లోకీ, సఫారీలోకీ వచ్చింది 2017 మార్చిలో. అంతకు ముందు కొని ఆపైన అప్‌డేట్ చేయని ఫోనులో సేటు చీరలన్నీ ఒకదాని కింద ఒకటి పడతాయి. సాంచా (మరమగ్గం) మీద నుంచి ఇప్పుడే దింపిన తాను లాగా చాలా పొడవైన పేజీ వస్తుంది. సరుకు ఎక్కువున్నట్టు కనబడుతుంది, సేటుకు సంతోషం.

7. తప్పు ఎప్పుడూ మనది కాదు

ఫిర్యాదు వస్తే ముందు నెట్‌వర్క్ మీద తోసెయ్. తర్వాత ఫోను మీద. ఆ రెండూ చెల్లకపోతే తెలుగు మీద తోసెయ్. దానికి సాక్ష్యం కూడా ఉంది: 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరాన్ని ఒక రకంగా కూర్చి మెసేజ్ పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సర్దింది. తప్పు అక్షరాలను పేర్చే ప్రోగ్రాముదే, దిద్దుకున్నదీ వాళ్లే. ఆ రెండో ముక్క సేటుకు చెప్పాల్సిన పని లేదు. ‘‘ఆపిల్ కంపెనీయే పడిపోయింది సేటూ, మనమెంత?’’ అంటే చాలు.

హెచ్చరిక

ఊళ్లో కొందరు చెడగొట్టేవాళ్లున్నారు. తెలుగంతా యూనికోడ్‌లో కొడతారు, ఫాంటును వోఫ్ రూపంలో పేజీ వెంటే పంపుతారు, లైన్-హైట్ పెంచి ఒత్తులకు చోటిస్తారు, పట్టికను ఫోనులో ఒకదాని కింద ఒకటి వచ్చేలా విడగొడతారు. బిల్లు రాసే ముందు సైటును క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, సఫారీలో, చివరికి దుకాణానికి టీ తెచ్చే పిల్లవాని పాత ఫోనులో కూడా తెరిచి చూస్తారు. వాళ్లతో స్నేహం వద్దు. అట్లా కట్టిన సైటు ఏళ్ల తరబడి చెడిపోదు. చెడిపోని సైటుకు మరమ్మతు ఉండదు. మరమ్మతు లేకపోతే నెలనెలా సేటు దగ్గరికి ఏ ముఖం పెట్టుకొని పోతావు?