‘నాన్న కారు’ ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక: భద్రాచలంలో గోదావరి కరకట్టకు దాపున ఒక రేకుల షెడ్డు. అందులో టార్పాలిన్ కప్పుకొని మార్క్ 2 అంబాసిడర్. ఆ బండి మీద తునికాకు కల్లాలన్నీ తిరిగిన తండ్రి కాలం చేశాక, కొడుకు దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని పూనుకున్న సందర్భంలోది ఈ పద్యం. కర్త ఎవరో తెలియదు. బిల్లు కట్టినవాడే అయి ఉంటాడని అంతస్సాక్ష్యం.

నాన్న కారు షెడ్డునందుండె పెక్కేండ్లు
ఎలుక యందు దూరి యిల్లు కట్టె
చిన్న పనియె యనుచుఁ జెప్పెను మన మేస్త్రి
లక్ష దాటె బిల్లు లక్షణముగ

టీక:

నాన్న కారు = తండ్రి యొక్క మోటారు. షష్ఠీ తత్పురుషం. ఆ షష్ఠి ఇంకా వదల్లేదు, ఆర్సీలో పేరు ఆయనదే. బండి సంగతంటారా, మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు మనదేశపు రూపం, 1489 సీసీ పెట్రోలు ఇంజిను. బెంగాల్లోని ఉత్తర్‌పారాలో 2014లో చేయడం మానేశారు.

షెడ్డునందు = రేకుల కింద. ఈ సప్తమిని తేలిగ్గా తీసుకోరాదు. ఈ ఊళ్లో గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3. నీళ్లు గుమ్మం దాకా రాకపోయినా చెమ్మ లోపలికొస్తుంది. బ్రేక్ ఆయిల్ ఆ చెమ్మను పీల్చుకొని వీల్ సిలిండర్లను లోపలి నుంచి తినేస్తుంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే కాబట్టి నాలుగు చోట్లా అదే కథ. ట్యాంకులో మిగిలిన పెట్రోలు బంకలా మారి కార్బురేటర్ జెట్లు మూసేస్తుంది.

ఎలుక = మూషికం. ఏకవచనం జాతిని చెబుతుంది, లోపల ఉన్నది సకుటుంబం. వైర్ల తొడుగులు కొరికి, సీటు మెత్తలు పీకి కాపురం పెట్టాయి. వినాయకుడి వాహనానికీ ఓ వాహనం దొరికిందని ఒక వ్యాఖ్యాత మురిసిపోయాడు. వైరింగ్ డబ్బులు ఆయన ఇవ్వలేదు.

చిన్న పనియె = పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది. అభిధలో అర్థం: కొత్త బ్యాటరీ, నాలుగు ప్లగ్గులు, అయిదు లీటర్ల పెట్రోలు. లక్షణలో: పిస్టన్లు బోరుకు పట్టేసి ఉన్నాయి, ప్లగ్గులు విప్పి ఆ కంతల్లో నూనె పోసి రోజుల తరబడి నాననివ్వాలి, ఆ తర్వాత ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. ఆత్రం పట్టలేక ముందే సెల్ఫ్ కొడితే రింగులు విరుగుతాయి, బోరు గీరుకుపోతుంది, ఇంజిను లేత్ పనికి పోతుంది. వ్యంజనలో: టింకరింగ్, పెయింటు, రెక్సిను లెక్క వేరే. సామాన్లకు విజయవాడ ఆటోనగర్ దాకా పోయిరావడం ఏ వృత్తిలోకీ రాదు, కిరాయిలోకి వస్తుంది.

మన మేస్త్రి = ‘మన’ అన్నందువల్ల బేరం ఆడే వీలు పోయిందని గ్రహించాలి.

లక్షణముగ = చక్కగా అని కొందరు. లక్షణావృత్తి చేత అని మేము, ‘చిన్న’ అన్న మాటకు ఆ వృత్తి తప్ప గతి లేదు కనుక. లక్షకు ఈ ఊళ్లో బెదరనక్కర్లేదు. గుడికి సర్కారు సొమ్ము ఖర్చు పెట్టినందుకు రామదాసును గోల్కొండలో బంధించారు, ఈ కొడుకును ఇంట్లోనే నిలదీశారు.

పాఠాంతరం: ‘లక్ష దాటె’ అన్నచోట ‘రెండు దాటె’ అని ఒక ప్రతిలో ఉంది. యతి చెడుతుంది గనుక మేం స్వీకరించలేదు. రసీదులు చూస్తే మాత్రం అదే సరైన పాఠం.

శంక: ఇంత దేనికి, పాతది పీకేసి డీజిలు ఇంజిను పెట్టించకూడదా? సమాధానం: 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది. నంబరులో వీఏ అక్షరాలు, ఫీజు 20,000. చాసిస్, బాడీ, ఇంజిను మార్చితే ఆ యోగ్యత పోతుంది. పైగా అలాంటి బండి ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు బంకుకో, మరమ్మతుకో తప్ప రోజూ తిరగరాదు. ఇంటిల్లిపాదీ పర్ణశాల పోవడం ఆ జాబితాలో లేదు. పోవాలంటే మామూలు ఆర్సీనే అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఇక తండ్రి కారును ఉత్తినే నిలబెట్టడం మనకు కొత్తేం కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం చేయించిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఆయన పోయాక వచ్చింది, కొడుకు దాన్ని తిప్పింది తక్కువే. బాగుచేయించి ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో చూపిస్తున్నారు.

తాత్పర్యం: తండ్రి కారు చాలాకాలం షెడ్డులో ఉండగా ఎలుకలు చేరాయి. చిన్న పనేనని మేస్త్రి చెప్పగా బిల్లు లక్ష దాటింది. బండి మాత్రం కదిలింది. అది కవి చెప్పలేదు, మేం చూసి రాస్తున్నాం.

మీ ఇంటి షెడ్డులోనూ ఇలాంటిదొకటి ఉంటే, ప్లగ్గులు విప్పి నూనె పోసేదాకా తాళంచెవి మాత్రం అబ్బాయి చేతికి ఇవ్వకండి.