కురువిందరాయుడు

కురువిందరాయుణ్ణి గుర్తుపట్టడం సులువు. ఏ ఊళ్లో దిగినా గుడి ఎక్కడనీ అడగడు, మంచి హోటల్ ఎక్కడనీ అడగడు. పాత ఇనప సామాన్ల కొట్టు ఎక్కడని అడుగుతాడు. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం పొద్దున్నే ఎర్రగడ్డ సంతలో తేలతాడు. పగిలిన చార్జర్లు, జత తప్పిన బూట్లు, మూతల్లేని కుక్కర్ల మధ్య తుప్పు పట్టిన మంగలికత్తి కనబడిందా, పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిన కుర్రాడిలా మొహం అటు తిప్పేసుకుని, పక్కనున్న ఫ్యాను రెక్కను బేరమాడతాడు. కొట్టువాడు ఇలాంటివాళ్లను చాలామందిని చూశాడు. రెక్క యాభై, కత్తి ఐదొందలు అంటాడు.

ఇంటికొచ్చాక చరిత్ర మొదలు. కత్తి మెడ మీద 'ఇంగ్లండ్' అనో 'జర్మనీ' అనో ముద్ర ఉందంటే అది బహుశా 1891 తర్వాతిదంటాడు. అమెరికాలో దిగే సరుకు మీద పుట్టిన దేశం పేరు ఉండి తీరాలన్న మెకిన్లీ సుంకం చట్టం నిబంధన ఆ ఏడాది మార్చి నుంచి అమలైంది మరి. వాళ్లావిడ అడిగింది మాత్రం గ్యాస్ బుక్ చేశారా అని. సొంతూరికి ఏ బస్సెక్కాలో చెప్పలేడు గానీ, షెఫీల్డ్ ఉక్కుకీ సోలింగెన్ ఉక్కుకీ తేడా మీద మాత్రం అరగంట మాట్లాడతాడు.

మొదటి కత్తిని ఈయన చంపేస్తాడు. ఇది నియమం. డ్రిల్లుకు పాలిష్ చక్రం తగిలించి బర్రుమనిపిస్తాడు. పల్చటి అంచు వేడెక్కి నీలంగా తిరుగుతుంది. నీలమెక్కిందంటే ఉక్కులో బిగువు పోయినట్టే, ఇక ఎంత నూరినా పదును నిలవదు. పక్కింటాయన చూసి "రంగు భలే కుదిరిందండీ" అంటాడు. ఆ రాత్రి రాయుడు అన్నం తినడు. మర్నాటి నుంచి యంత్రాలకు సెలవు, అంతా చేత్తోనే. 220 నంబరు ఎమరీ కాగితంతో మొదలెట్టి 2000 దాకా, తడుపుతూ రుద్దుతూ పోతాడు. రెండో కత్తిలో తన మొహం చూసుకోగలుగుతాడు. కాకపోతే దాని మీద చేసినవాడి పేరు బంగారు పూత అక్షరాల్లో ఉండేది. అదీ తుప్పుతోపాటే పోయింది.

ఆ తర్వాత సానరాళ్లు. 1000, 4000, 8000, 12000. అంకె పెరిగేకొద్దీ రాయి నున్నబడుతుంది, జేబు పల్చబడుతుంది. కిటుకు నిజానికి చిన్నదే. కత్తి వీపూ అంచూ ఒకేసారి రాయికి ఆనాలి. కోణం సంగతి వీపే చూసుకుంటుంది. రాయి మీద అంచు ముందు నడవాలి, తోలుపట్టీ మీద వీపు ముందు నడవాలి. ఈ ముక్క ఆయన పదిమందికీ చెబుతాడు, తన చేతికి మాత్రం ఇంకా చెప్పలేదు. తోలుపట్టీ నిండా గాట్లు అందుకే.

పదును చూడటానికి వెంట్రుక కావాలి. ఒక కొస పట్టుకుని అంచు మీద వాలిస్తే తనంతట తానే తెగాలి. నెత్తిమీదవి ఖర్చుపెట్టే స్తోమత లేదు గనక వాళ్లావిడ దువ్వెన మీద పడతాడు. "ఏమండీ, నా జుట్టు రాలుతుంటే మీకంత సంబరమేం?" అంటుందావిడ. దువ్వెన దాచేసిన రోజున ముంజేతి మీద గీసి చూస్తాడు. ఈ జాతిలో ఎవర్ని చూసినా ఎడమ ముంజెయ్యి నున్నగా, చెంపలు మాత్రం మాసిన గడ్డంతో ఉంటాయి. అంత పదునైనదాన్ని గొంతు దగ్గరికి తెచ్చుకోవడానికి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? ఆఫీసుకు టైమైతే ట్రిమ్మరే గతి.

వీధి చివర సెలూన్ పెద్దాయన ఎప్పుడో పెద్దకత్తిని పక్కన పెట్టేశాడు. జబ్బులు అంటుకుంటాయన్న భయం వచ్చాక, మనిషికో కొత్త బ్లేడు సగానికి విరిచి పిడికి బిగిస్తున్నాడు. రాయుడు ఆయనకు సానరాళ్ల నంబర్లు వివరిస్తాడు. ఆయన ఓపిగ్గా అంతా విని, "గడ్డం గియ్యమంటారా బాబూ?" అంటాడు.

హాని లేని మనిషే. పేకాట లేదు, షేర్లు లేవు. మీ ఇంట్లో తాతగారి కత్తి ఉంటే నిరభ్యంతరంగా ఇవ్వండి, కాకపోతే ఆయన మొదటి రెండు కత్తులూ అయిపోయాక. తిరిగి తెచ్చుకోవడానికి వెళ్లేటప్పుడు మాత్రం పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ఆయన ముంజేతి మీద ఇక మిగిలిందేమీ లేదు.